స్నేహితులు పోయాక పాత ఫోటోలు: వెతకడం నుంచి వాళ్ల పిల్లల చేతిలో పెట్టేదాకా

మా స్నేహితుడు, మేం లంకవాడు అని పిలిచేవాడి ఇంట్లో హాలు గోడకి వాడి ఫోటో ఉంది. గంధపు దండ, నుదుట కుంకుమ, కింద చిన్న ఎర్ర బల్బు. స్టూడియోవాళ్లు వెనకంతా లేత నీలం రంగు వేసేశారు. కానీ ఎడమ భుజం మీద నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. ఆ వేళ్లు నావి. 2012లో మా అమ్మాయి పెళ్లిలో, భోజనాల పందిరి దగ్గర, వాడి భుజం మీద చెయ్యేసి నిలబడితే ఎవరో తీసిన ఫోటో అది. దండకి ఆ ఒక్కటే బాగుందని అందులోంచి వాణ్ని కత్తిరించారు.

వాడు 2021 మే నెలలో కరోనాతో పోయాడు. చివరిచూపుకి మాలో ఒక్కడూ వెళ్లలేకపోయాం. ఆరు నెలల తర్వాత వెళ్లి ఆ గోడ ముందు నిలబడితే, వాళ్లబ్బాయి నా చూపు ఎటుందో గమనించి అడిగాడు: "బాబాయ్, ఆ చెయ్యి ఎవరిదో మీకు తెలుసా?"

పెళ్లిరోజున ఆ ఫోటోకి ప్రత్యేకమైన విలువేమీ లేదు. ఆల్బమ్ నిండా అలాంటివే. వాడు పోయాక కూడా ఫోటోలో చుక్క మారలేదు. కానీ ఆ క్షణంలో ఏం మాట్లాడుకున్నామో తెలిసినవాళ్లు ఇద్దరే, అందులో ఒకడు లేడు. ఫోటోకి కొత్తగా వచ్చిన బరువు అక్కణ్ణుంచే వస్తుంది. అందుకని, ఇవాళ మీ దగ్గరున్న ఫోటోలు ఏం చేయాలో రాస్తున్నాను. స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేయడం అందులో చిన్న ముక్క. పెద్ద పని, ఫోటోతోపాటు దాని కథని పట్టుకోవడం.

మేం ఆరుగురం. 1981లో రాజమండ్రిలో డిగ్రీలో కలిశాం. ఇప్పుడు ముగ్గురం ఉన్నాం. నాలుగేళ్లుగా ఈ పని చేస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నవి ఇవి.

మొదటి నెల: పోకుండా ఆపడం

మనిషి పోయిన కొత్తలో ఆల్బమ్ తెరవాలనిపించకపోతే తెరవకండి. దానికి తొందర లేదు. తొందర ఉన్నవి మాత్రం కొన్ని ఉన్నాయి.

పెద్దకర్మ లోపు ఇంటివాళ్లు దండ వేయడానికి ఫోటో అడుగుతారు. మీ దగ్గర మంచిది ఉంటే అసలు ఫోటో ఇవ్వకండి, స్కాన్ చేసి ఇవ్వండి. ఆ హడావుడిలో స్టూడియోకి వెళ్లిన ఫోటో తిరిగి రావడం అదృష్టం. అసలే ఇవ్వాల్సి వస్తే "కత్తెర పెట్టొద్దు" అని నోటితో చెప్పండి, కవరు మీద రాయండి కూడా.

రెండోది ఫోను. వాట్సాప్ ఖాతాని 120 రోజులు ఎవరూ వాడకపోతే దాన్ని తీసేస్తారు. మా గ్రూపులో ఒక ఉదయం లంకవాడు గ్రూపు వదిలి వెళ్లినట్టు గీత కనిపించింది. పోయిన నాలుగు నెలలకి మళ్లీ పోయినట్టయింది. వాడి డీపీ, వాడు పంపిన వాయిస్ మెసేజులు ముందే దాచుకోవాలని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. మీరు మొదటి వారంలోనే చాట్ తెరిచి ఫోటోలు, వాయిస్‌లు వేరే ఫోల్డర్‌లోకి తీసుకోండి. గూగుల్ ఖాతా కూడా రెండేళ్లు ముట్టుకోకపోతే తొలగించే నిబంధన ఉంది. పిల్లలకి పాస్‌వర్డ్ తెలిస్తే అందులోని ఫోటోలన్నీ దింపుకోమని మెల్లగా చెప్పండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇది చెప్పడం ఇబ్బందే. అయినా చెప్పాలి.

మూడోది, ఇల్లు సర్దే రోజు. బీరువాలు ఖాళీ చేసేటప్పుడు మొదట చెత్తలోకి వెళ్లేవి స్టూడియో కవర్లు. వాటిలో నల్లగా, గోధుమరంగుగా కనిపించే ఫిల్ము ముక్కలు నెగెటివ్‌లు. చూసినవాళ్లకి పనికిరాని ప్లాస్టిక్‌లా ఉంటాయి. "వదినా, కవర్లు, పాత డైరీలు, సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టించండి, నేను వచ్చి చూస్తాను" అని ఒక్క ఫోన్ చేస్తే చాలు.

వెతకడం

"మీ దగ్గర వాడి ఫోటోలేమైనా ఉన్నాయా" అని అడిగితే అందరూ లేవనే అంటారు. నాకూ అదే జవాబు వచ్చింది. అలా అడక్కండి. "మీ అన్నయ్య పెళ్లికి మేం ఆరుగురం వచ్చాం కదా, ఆ ఆల్బమ్ ఎక్కడుంది?" అని అడగండి. "ఫైనలియర్ గ్రూపు ఫోటో అట్ట ఎవరింట్లో ఉంది?" అని అడగండి. సందర్భం చెబితే మనిషి లేచి అటక వైపు చూస్తాడు.

మా వాటిలో సగం ఇతరుల పెళ్లి ఆల్బమ్‌లలో దొరికాయి. వంటశాల దగ్గర నిలబడి వడ్డిస్తున్నవాళ్లలో, ఊరేగింపులో వెనక వరసలో. మిగతావి ట్రంకు పెట్టె అడుగున పరిచిన పేపరు కింద, టెక్స్ట్ పుస్తకాల మధ్య, ఉద్యోగం దరఖాస్తుకి తీయించుకున్న పాస్‌పోర్టు ఫోటోల కట్టలో, ఒకటైతే పాత పర్సులో రేషన్ కార్డు మడతలో. పాస్‌పోర్టు ఫోటోల్ని తక్కువ చూడకండి. ఇరవై ఏళ్ల ముఖం నేరుగా, నీడలు లేకుండా ఉండేది అందులోనే.

లంకవాడి ఇంట్లో మాత్రం వాడి చదువుకునే రోజుల ఫోటో ఒక్కటీ లేదు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి వచ్చింది కదా, ఆ వరదలో వాళ్ల ఊరు మునిగింది. ట్రంకు పెట్టె నీళ్లలో ఉండిపోయింది. తర్వాత ఎండబెడితే ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్క అయిపోయాయి. వాళ్ల నాన్న ఇరవై ఏళ్లప్పుడు ఎలా ఉండేవాడో పిల్లలకి తెలిసే దారి మా ఐదుగురి పెట్టెల్లోనే ఉంది. ఈ సంగతి వాడు బతికుండగా మాకెవరికీ తట్టలేదు.

ఆల్బమ్ లోంచి తీయడం

ఈ ఒక్క చోట నెమ్మదిగా ఉండండి. నష్టం ఇక్కడే జరుగుతుంది.

ఎనభై, తొంభైల్లో అందరిళ్లలో ఉన్నవి జిగురు పేజీల ఆల్బమ్‌లు. జిగురు గీతల అట్ట మీద ఫోటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పేవి. ఆ జిగురు పసుపుపచ్చగా మారి ఫోటో వెనక పట్టేస్తుంది. మూల పట్టుకుని లాగితే ఫోటో వంగి పైపొర పగులుతుంది. డెంటల్ ఫ్లాస్ అని మందుల షాపులో దొరికే సన్నటి దారం, మైనం పూయనిది తెచ్చుకోండి. ఫోటోకి, అట్టకి మధ్య దూర్చి రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగండి. రాకపోతే వదిలేసి, పేజీ ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేయండి. ముందు స్కాన్, తర్వాతే సాహసం.

ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫోటోని అసలు పీకకండి. అద్దంతోనే స్కానర్ మీద పెట్టండి.

తడిసినవి దొరికితే, అతుక్కుని ఎండిపోయేలోపు పని జరగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగినప్పుడు మా బంధువులు ఫోటోలు డాబా మీద ఎండలో పరిచారు. అన్నీ చుట్టలు చుట్టుకుపోయాయి. శుభ్రమైన చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి, వాటంతట అవి విడిపోయేదాకా ఆగి, బొమ్మ పైకి ఉండేలా నూలు గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు. ఒకేసారి చేయలేనన్ని ఉంటే ప్లాస్టిక్ కవర్లో వేసి ఫ్రిజ్ పై అరలో, గడ్డకట్టే చోట పెట్టండి. వారాలపాటు ఆగుతాయి.

దుమ్ముంటే మెత్తటి బ్రష్. తడిగుడ్డ వద్దు, స్పిరిట్ వద్దు. లామినేషన్ మాత్రం దయచేసి చేయించకండి. వేడికి ప్లాస్టిక్ కరిగి ఫోటోలో కలిసిపోతుంది, మళ్లీ విడదీసే దారి లేదు. మంచి ఉద్దేశంతో పాడుచేసిన ఫోటోలు నేను చూసినంతలో ఎక్కువ లామినేషన్‌వే.

ఇంకో సంగతి గమనిస్తారు. 1983 నాటి నలుపు తెలుపు ఫోటో నిక్షేపంగా ఉంటుంది, 1990 నాటి కలర్ ఫోటో ఎర్రబారి, వెలిసిపోయి ఉంటుంది. నలుపు తెలుపులో బొమ్మ వెండితో ఏర్పడుతుంది, కలర్‌లో రంగులతో. ఆ రంగులు చీకట్లో ఉన్నా కాలక్రమంలో విరిగిపోతాయి. అందుకని స్కానింగ్‌లో మొదటి వంతు పాతవాటిది అనుకోకండి. కలర్‌వే ముందు.

ఫోటోని చదవడం

ఒక మంచి భూతద్దం కొనండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చోండి. మొదట ముఖాలు చూడకండి. ముఖాలు చూస్తే కళ్లలో నీళ్లొచ్చి ఇంకేం కనిపించదు. ఫోటో తిప్పి వెనక చూడండి: స్టూడియో ముద్ర, పెన్సిలుతో వేసిన నంబరు, మరకలు. తర్వాత అంచులు, నేల, వెనకున్న గోడలు. ముఖాలు చివర్న.

తేదీ పట్టుకోవడానికి మన ఊళ్లే సాక్ష్యం చెబుతాయి. రాజమండ్రిలో గోదావరి మీద విల్లులాంటి వంతెన కనిపించకపోతే ఆ ఫోటో తొంభైల నడుమకి ముందుది. అది పూర్తయింది 1997లో. పక్కన హేవలాక్ వంతెన మీద రైలు పోతూ ఉంటే అదీ 1997 లోపుదే. ఘాట్ కిక్కిరిసి పుష్కరాల జనం ఉంటే 1991, 2003, 2015, ఈ మూడింట్లో ఒకటి. బళ్ల నంబర్లు చూడండి: ఏపీ తర్వాత జిల్లా అంకె ఉన్న ప్లేట్లు 1989 నుంచి వచ్చినవి, మా తూర్పుగోదావరికి అప్పట్లో ఏపీ 5. అంతకుముందు మూడక్షరాలు, నాలుగంకెలు. గోడ మీద సైకిలు గుర్తు రాసి ఉంటే 1983 జనవరి ఎన్నికలప్పటిదో, ఆ తర్వాతదో. సినిమా పోస్టరు దొరికితే ఇంకేం, విడుదల తేదీ వెతికితే నెలతో సహా తేలుతుంది. కొన్ని కెమెరాలు మూలన నారింజరంగు తేదీ ముద్రించేవి. దాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మార్చాక తేదీ సరిచేసుకున్నవాళ్లు తక్కువ.

నెగెటివ్ దొరికితే అది నిధి. 35 ఎంఎం ఫిల్ము అంచున 12, 12ఏ, 13 అని చిన్న అంకెలుంటాయి. ప్రింట్లు ఆల్బమ్‌లో ఎలా కలిసిపోయినా, ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆ అంకెలు చెప్పేస్తాయి. రోజంతా వరసలో పెట్టుకోవచ్చు. ప్రింటు వేయించని ఫ్రేములూ ఉంటాయి: కళ్లు మూసినవి, కదిలిపోయినవి. మాలో ఒకడు పగలబడి నవ్వుతున్న ఒకే ఒక్క బొమ్మ అలా, కదిలిపోయిన ఫ్రేములోనే దొరికింది. కవరు తెరవగానే వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము కుళ్లడం మొదలైనట్టే. వేరు చేసి, వెంటనే స్కాన్ చేయించండి.

ఇప్పుడు ఒక్క ఫోటో చూపిస్తాను.

రాజమండ్రి పుష్కరఘాట్ మెట్లు. ఐదుగురం. నలుపు తెలుపు, చతురస్రం, చుట్టూ తెల్లటి అంచు. నలభై ఏళ్లు ఆ ఫోటో నా దగ్గరుంది. మేం ఐదుగురం ఘాట్‌లో ఉన్నామని మాత్రమే అందులో చూశాను. ఆరోవాడి సంగతి అడిగితే "వాడి ఫోటో లేదు, వాడేగా తీసేవాడు" అనేవాణ్ని. మాలో కెమెరా వాడొక్కడికే ఉండేది, ఆగ్ఫా క్లిక్ త్రీ, వాళ్ల మేనమామ ఇచ్చింది. 2009లో వాడు పోయాడు. మాలో మొదట వెళ్లినవాడు.

మూడేళ్ల క్రితం భూతద్దం పెట్టి నేల చూశాను. కింది మెట్ల మీద, మా పాదాల దాకా, ఒక నీడ పడి ఉంది. రెండు మోచేతులు పక్కలకి ఎత్తి ఉన్నాయి. తల మీద వెనకవైపు ఒక జుట్టు పాయ లేచి ఉంది. వాడే. మా మీద గురి చూస్తున్నాడు.

ఆ నీడ ఇంకో సంగతి చెప్పింది. ఆ ఊళ్లో గోదావరి పడమటి దిక్కున ఉంటుంది. మా వెనక నది ఉంది, నీడ నది వైపు పడింది. అంటే సూర్యుడు తూర్పున ఉన్నాడు. సాయంత్రం సినిమాకి ముందు దిగిన ఫోటో అని నేను అందరికీ చెబుతూ వచ్చింది తప్పు. అది ఉదయం. మళ్లీ చూస్తే ఇద్దరి జుట్టు తడిగా అతుక్కుని ఉంది, ఒకడి భుజం మీద తువ్వాలు. కాకినాడలో ఉన్న మావాడికి ఫోన్ చేస్తే ఒక్క మాటలో తేల్చాడు: "ఒరేయ్, కార్తీక స్నానాలకి వెళ్లాం కదరా, వాళ్లమ్మకి మాటిచ్చాడని లాక్కుపోయాడు అందర్నీ."

ఆ కెమెరా రీలుకి పన్నెండు ఫోటోలే వచ్చేవి. రీలు, కడిగింపు, ప్రింట్లు అన్నీ వాడి ట్యూషన్ డబ్బుల్లోంచే. పన్నెండూ మా మీదే ఖర్చు పెట్టాడు. తనని ఒక్కటి తీయమని మమ్మల్ని అడగలేదు. కెమెరా ఇటివ్వరా అని మేమూ అనలేదు.

మీ ఫోటోల్లో కూడా ఫోటో తీసినవాణ్ని వెతకండి. నీడలో, అద్దంలో, కళ్లజోళ్లలో, బండి హెడ్‌లైట్ గాజులో. ఎక్కడా దొరక్కపోతే అందరి కళ్లూ ఎటు చూస్తున్నాయో చూడండి. ఆ నవ్వు ఎవరిని చూసి వచ్చిందో గుర్తొస్తుంది.

కూర్చోబెట్టి చెప్పించుకోవడం

మిగిలినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందినీ ఒకచోట చేర్చండి. కుదరకపోతే వీడియో కాల్. మాలో ఒకడు న్యూజెర్సీలో ఉంటాడు. మాకు ఆదివారం ఉదయం, వాడికి శనివారం రాత్రి, అది కుదిరింది. ఫోటోలు వాడికి ముందురోజే డాక్యుమెంటుగా పంపాను. మామూలుగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గించేస్తుంది, భూతద్దంతో కనిపించేవన్నీ పోతాయి.

ఫోన్‌లో రికార్డర్ పెట్టి, పెట్టానని అందరికీ చెప్పి, పక్కన పెట్టేయండి. రాసుకుంటూ కూర్చుంటే మాట ఆగిపోతుంది. ఒక పూటకి పది ఫోటోలు మించొద్దు.

"ఇది ఎప్పుడు, వీళ్లెవరు" అని మొదలుపెడితే పరీక్షలా ఉంటుంది. నాకు పనికొచ్చిన ప్రశ్నలు వేరు. దీనికి ముందు ఏం చేస్తున్నాం? ఇంటికెలా వెళ్లాం? డబ్బులెవరిచ్చారు? ఆ చొక్కా ఎవరిది? అవును, చొక్కా అడగండి. ఆ రోజుల్లో మంచి చొక్కా ఒకటుంటే ఆరుగురం వంతులు వేసుకునేవాళ్లం. గళ్ల చొక్కా ఒకటి మూడు ఫోటోల్లో ముగ్గురి మీద ఉంది. దాని గురించే అరగంట మాట్లాడుకున్నాం. ఆ అరగంటలో లంకవాడికి మొదటి ఏడాది రెండు చొక్కాలే ఉండేవని, ఒకటి ఉతికి ఆరేదాకా గది దాటేవాడు కాదని తెలిసింది. పక్క మంచం మీద పడుకున్న నాకు ఆ రోజుల్లో తెలియదు.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే తీర్పు చెప్పకండి. రెండూ ఉంచండి. సాక్ష్యం దొరికితే తేలుతుంది, దొరక్కపోతే రెండూ నిజమన్నట్టే వదిలేయండి.

ఒక్కోసారి ఎవరో ఒకరు మాట్లాడుతూ ఆగిపోతారు. అప్పుడు తర్వాతి ఫోటో తీయకండి. ఆ మౌనం అయ్యేదాకా కూర్చోండి. టీ పెట్టించండి.

లేని ఫోటోల గురించి కూడా మాట్లాడండి. ఇది చెప్పడం నాకు కష్టం. నిరుడు పోయినవాడితో నాకు 2006 నుంచి 2014 దాకా మాటల్లేవు. చిట్టీకి హామీ ఉండమన్నాడు, ఉండనన్నాను. ఉండకపోవడం తప్పు కాదేమో గానీ, పదిమందిలో అన్న మాట తప్పు. ఆ ఎనిమిదేళ్లలో మేమిద్దరం కలిసున్న ఫోటో ఒక్కటీ లేదు. వాడి కూతురి ఓణీల ఫంక్షన్‌లో నేను లేను, మా ఇంటి గృహప్రవేశంలో వాడు లేడు. ఆల్బమ్‌లో ఆ జాగాలో ఒక తెల్లకాగితం పెట్టి రాశాను: "ఈ ఎనిమిదేళ్లు మేం మాట్లాడుకోలేదు. మొదట పలకరించినవాడు వాడే." మీకూ అలాంటి ఖాళీ ఉంటే దాన్ని ఫోటోలతో పూడ్చేయకండి. ఉన్నట్టే ఉంచండి.

స్కాన్ చేయడం

ఇందులో అంకెలు తప్ప పెద్దగా చెప్పేది లేదు. మామూలు ప్రింట్లకి 600 డీపీఐ, అంటే అంగుళానికి అన్ని చుక్కలు. మూడున్నర బై ఐదంగుళాల ఫోటో దాంతో 2100 బై 3000 పిక్సెళ్లు వస్తుంది, రెట్టింపు సైజులో ప్రింటు వేయించుకోవచ్చు. ఆరు సెంటీమీటర్ల చిన్న చతురస్రపు ప్రింట్లకి 1200. నెగెటివ్‌లకి 2400కి తగ్గకూడదు, దానికి ఫిల్ము స్కాన్ చేసే వెలుగున్న స్కానర్ కావాలి. నలుపు తెలుపు ఫోటోని కూడా కలర్‌లోనే స్కాన్ చేయండి. మరకకీ, బొమ్మకీ తేడా తెలుస్తుంది. వెనకవైపు రాత ఉంటే వెనకా స్కాన్ చేయాలి.

స్కానర్ లేకపోతే ఫోన్ చాలు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ని ఫోటోకి సమాంతరంగా పట్టుకుని తీయండి. గూగుల్ ఫోటోస్కాన్ యాప్ అయితే నాలుగు మూలల నుంచి తీయించి మెరుపుని తనే తీసేస్తుంది. పల్లెటూళ్లో వదినగారింటికి వెళ్లినప్పుడు, ఫోటోలు గడప దాటించడం వాళ్లకి ఇష్టం లేనప్పుడు, నాకు ఇదే పనికొచ్చింది.

ఫైలు పేరులో సంవత్సరం ముందు పెట్టండి: "1983 కార్తీకం పుష్కరఘాట్ 01". తేదీ ఖాయంగా తెలియకపోతే "1983 సుమారు". ఫైలు లోపల ఇవాళ్టి తేదీ పడుతుంది, దాన్నీ మార్చండి, లేకపోతే మీ స్నేహితుడు 2025లో ఇరవై ఏళ్లవాడిగా కనిపిస్తాడు. మూడు కాపీలు ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఇంకొకరి దగ్గర ఉండాలి.

ఏఐతో ముఖం స్పష్టంగా చేయించడం గురించి నా అభిప్రాయం చెబుతాను. గీతలు, మరకలు తీయించుకోండి, తప్పులేదు. కానీ మసకబారిన ముఖాన్ని అది "బాగు" చేసినప్పుడు, ఫోటోలో లేని కళ్లని తనే ఊహించి గీస్తుంది. న్యూజెర్సీవాడు ఒకటి చేయించి పంపాడు. చాలా అందంగా ఉన్నాడు, మావాడు మాత్రం కాదు. చనిపోయినవాళ్ల ఫోటోని కదిలించి నవ్వించే వీడియోలు మటుకు ఇంటివాళ్లు కోరితే తప్ప ఎవరికీ పంపకండి. భార్య ఫోన్ తెరిచేసరికి అది ఎదురొస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

వెనక రాయడం

"నేను" అని రాయకండి. నలభై ఏళ్ల తర్వాత ఆ "నేను" ఎవరో ఎవరికీ తెలియదు. ఇంటిపేరుతో సహా రాయండి. ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవారు, నిలబడ్డవారు అని పాత గ్రూపు ఫోటోల అట్ట మీద రాసేవారే, ఆ పద్ధతికి మించింది లేదు. దాని కింద ఒక వరస చేర్చండి: ఫోటో తీసినవారు.

బాల్ పెన్ను వద్దు, ఒత్తుడు బొమ్మ వైపు తేలుతుంది. మెత్తటి పెన్సిలుతో, 4బీ లాంటిదానితో, అంచు దగ్గర తేలిగ్గా రాయాలి. ప్లాస్టిక్‌లా నున్నగా ఉండే కలర్ ప్రింట్ల వెనక పెన్సిలు పట్టదు, వాటికి కాగితపు కవరు మీద రాసి ఫోటోని అందులో పెట్టండి. ఆ కవర్లన్నీ అట్టపెట్టెలో, నేలకీ గోడకీ తగలకుండా, బీరువా నడిమి అరలో. చెదలు, చెమ్మ రెండూ కింది నుంచే వస్తాయి. సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మార్చండి. నాఫ్తలీన్ ఉండలు వేయొద్దు.

ఇవ్వడం

ఇదంతా చేసేది ఇందుకే. మీ స్నేహితుడి పిల్లలకి తెలిసింది నాన్న. మీకు తెలిసిన మనిషి వాళ్లకి తెలియదు. అప్పులు, ఫీజులు, బీపీ మాత్రలు లేని రోజుల్లో వాడు ఎలా నవ్వేవాడో చెప్పే వస్తువు మీ పెట్టెలో ఉంది.

అన్నీ ఇవ్వక్కర్లేదు. ఏడెనిమిది చాలు. నోట్లో సిగరెట్టున్నవి ఇవ్వాలా అని మేం చాలాసేపు అనుకున్నాం. ఇచ్చాం. కొడుకు చూసి నవ్వాడు. కానీ ఆ రోజుల్లో వాడు ఇష్టపడిన అమ్మాయి ఉన్న ఫోటో ఇవ్వలేదు, గ్రూపులో పెట్టలేదు. ఆమెకి ఇప్పుడు మనవలున్నారు. ఆ ఫోటో ఆమెది కూడా. ఆమెకి తెలియకుండా ఎవరి చేతికీ వెళ్లకూడదు.

ప్రింటు వేయించి, స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి. సంవత్సరీకం రోజున కాదు, ఆ రోజు ఇంటివాళ్లకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. మామూలు రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లండి. ఒక్కో ఫోటో కథ ఒక కాగితం మీద రాసి జతచేయండి. మీరు చెప్పేటప్పుడు వాళ్లు సగమే వింటారు, మిగతా సగం మీరు వెళ్లాక చదువుకుంటారు.

లంకవాడి కొడుక్కి ఆ పెళ్లి ఫోటో కత్తిరించనిది పెద్దది చేయించి ఇచ్చాను, కవరు మీద నా పేరు, ఇంటిపేరు రాసి. దండ ఉన్న ఫోటో పక్కనే తగిలించాడు.

కెమెరావాడింటికి వెళ్లేటప్పుడు ఇచ్చేందుకు వాడి ఫోటో నా దగ్గర లేదు. ఘాట్ ఫోటో ఒక్కటే, పన్నెండంగుళాలకి పెంచి తీసుకెళ్లాను. వాళ్లబ్బాయి చూసి, "ఇందులో నాన్న లేరుగా బాబాయ్" అన్నాడు. కింది మెట్లు చూపించాను. వాడు వంగి, మోచేతులు చూసి, ఏమీ అనలేదు. వాళ్లమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నీడలో తల వెనక లేచి ఉన్న ఆ పాయ మీద వేలు పెట్టింది.

"ఎంత నూనె రాసినా అణిగేది కాదండీ అది," అంది.